నేల వేడెక్కుతుంటే పై గాలి ఎందుకు చల్లబడుతోంది?

సందేహాలపుట్ట:
అందరికీ నమస్తే. ఉపగ్రహాల ఉష్ణోగ్రత రికార్డులు చూస్తుంటే ఒక విషయం అస్సలు మింగుడుపడటం లేదు. 1979 నుంచి నేల దగ్గరి గాలి గీత పైకి పోతోంది, అది అందరికీ తెలిసిందే. స్ట్రాటో ఆవరణం (సుమారు 15 నుంచి 50 కిలోమీటర్ల ఎత్తులో ఉండే పొర) గీత మాత్రం కిందికి పోతోంది. ఇంకా పైకి వెళ్లిన కొద్దీ ఇంకా ఎక్కువ చల్లబడుతోంది. భూమి వేడెక్కుతుంటే పైన కూడా ఎంతో కొంత వేడెక్కాలి కదా? కార్బన్ డయాక్సైడ్ వేడిని పోనివ్వదు అంటారు, మరి పైనున్న కార్బన్ డయాక్సైడ్ ఏం చేస్తున్నట్టు? తెలిసినవాళ్లు కొంచెం ఓపిగ్గా చెప్పండి, లెక్కలు ఉన్నా ఫర్వాలేదు.

ఆకాశవీధి:
మంచి ప్రశ్న అండీ. ఈ గందరగోళమంతా దుప్పటి పోలికతోనే వస్తుంది. భూమికి దుప్పటి కప్పినట్టు అని చిన్నప్పటి నుంచీ చెబుతారు, కింద 10-15 కిలోమీటర్ల వరకు ఆ పోలిక ఎలాగోలా నడుస్తుంది, పైన నడవదు. పైన కార్బన్ డయాక్సైడ్ చేసే ముఖ్యమైన పని వేడిని పట్టడం కాదు, వేడిని అంతరిక్షంలోకి పారేయడం.

కొంచెం వివరంగా చెప్తాను. ఈ వాయువు 15 మైక్రాన్ల దగ్గర పరారుణ కిరణాలను పీల్చుకుంటుంది, అక్కడే వదులుతుంది కూడా. కింది గాలిలో అది ఎంత చిక్కగా ఉంటుందంటే ఒక అణువు వదిలిన కిరణాన్ని కాస్త పైనున్న ఇంకో అణువు పట్టేసుకుంటుంది. చివరికి అంతరిక్షంలోకి జారిపోయే ఎత్తు పైకి జరుగుతుంది. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి బయటికి పోయే శక్తి తగ్గుతుంది, కింద వేడి మిగిలిపోతుంది.

స్ట్రాటో ఆవరణంలో కథ వేరు. అక్కడి గాలికి వేడి ముఖ్యంగా నేల నుంచి రాదు, సూర్యుడి అతినీలలోహిత కిరణాలను ఓజోన్ పీల్చుకోవడం వల్ల వస్తుంది. అందుకే 50 కిలోమీటర్ల దగ్గర ఉష్ణోగ్రత దాదాపు సున్నా డిగ్రీలకు చేరుతుంది, కింద 15 కిలోమీటర్ల దగ్గర మైనస్ 60 ఉన్నా సరే. ఇప్పుడు 50 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఒక అణువును తీసుకోండి. దానికి కింది నుంచి వచ్చే 15 మైక్రాన్ల వెలుతురు ఆ మైనస్ 60 చలి పొర దగ్గర బయల్దేరింది, కాబట్టి బలహీనం. అది వదిలేదేమో సున్నా డిగ్రీల గాలి వదిలే స్థాయిలో ఉంటుంది. రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. అణువుల సంఖ్య పెంచితే ఆ నష్టం పెరుగుతుంది, గాలి చల్లబడుతుంది. అంతే.

ఇదేదో గ్రాఫ్ చూశాక అతికించిన వివరణ కాదని మాత్రం గుర్తుంచుకోండి. సియుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్క కట్టి కింద వేడెక్కుతుంది, స్ట్రాటో ఆవరణం చల్లబడుతుంది అని రాశారు. అప్పటికి దాన్ని సరిచూసే ఉపగ్రహ రికార్డే లేదు. మనాబేకి 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఎదురుప్రశ్న:
వివరణ బాగుంది, కానీ ఓజోన్ సంగతేంటి? మీరే అన్నారు అక్కడి వేడికి మూలం ఓజోన్ అని. 80లలో, 90లలో ఓజోన్ తగ్గింది. వేడి మూలమే తగ్గితే చల్లబడటం మామూలే, దానికి కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు. పైగా స్ట్రాటో ఆవరణం కింది భాగం రికార్డు చూస్తే 90ల మధ్య నుంచి దాదాపు చదునుగా ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఆగలేదుగా, మరి చల్లబడటం ఎందుకు ఆగింది?

లోలకం:
@ఎదురుప్రశ్న మీ ప్రశ్న న్యాయమైనదే, కాకపోతే "స్ట్రాటో ఆవరణం" అని ఒకే ముద్దగా మాట్లాడితే ఎవరికీ జవాబు దొరకదు. ఎత్తును బట్టి విడదీయాలి.

కింది భాగం, అంటే 15 నుంచి 22 కిలోమీటర్లు, అక్కడ మీరు చెప్పింది చాలావరకు నిజం. ఓజోన్ తగ్గడమే పెద్ద కారణం. 1987లో ఓజోన్‌ను తినే క్లోరిన్ రసాయనాలను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, క్లోరిన్ పెరుగుదల 90లలో ఆగింది, ఓజోన్ పడిపోవడం నిలబడింది, ఉష్ణోగ్రత గీత కూడా నిలబడింది. ఆ ఎత్తులో కార్బన్ డయాక్సైడ్ ప్రభావం చిన్నది, ఎందుకంటే అక్కడి గాలి ఇంకా చల్లగానే ఉంది, వదిలేదానికీ పీల్చుకునేదానికీ పెద్ద తేడా ఉండదు.

ఆ గ్రాఫ్‌ని ఇంకోసారి దగ్గరగా చూడండి. రెండు పెద్ద మూపురాలు కనిపిస్తాయి. 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్, 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో. అగ్నిపర్వతం పేలి సల్ఫర్ పైకి పోతే అక్కడ ఆమ్ల తుంపరల పొర ఏర్పడి వేడిని పీల్చుకుంటుంది, కాబట్టి స్ట్రాటో ఆవరణం ఒకటి రెండేళ్లు వేడెక్కుతుంది, అదే సమయంలో నేల చల్లబడుతుంది. తర్వాత గీత మళ్లీ దిగుతుంది, కానీ పేలుడుకు ముందున్న చోట ఆగదు, ఇంకా కిందికి పోయి ఆగుతుంది. అందుకే కింది స్ట్రాటో ఆవరణం రికార్డు వాలులా కాకుండా మెట్లు దిగినట్టు ఉంటుంది. ఇలాంటి గీతకు మొదటి నుంచి చివరిదాకా ఒక్క సరళరేఖ గీసి "దశాబ్దానికి ఇంత" అనడం నాకు ఎప్పుడూ నచ్చదు.

పైకి వెళ్లండి, 40-50 కిలోమీటర్లు. అక్కడ 90ల తర్వాత కూడా చల్లబడటం ఆగలేదు. ఉపగ్రహ కొలతల్లో మొత్తం మీద దశాబ్దానికి అర డిగ్రీకి కొంచెం అటూ ఇటూ. ఓజోన్ కోలుకుంటున్నా సరే గీత దిగుతూనే ఉంది. అక్కడ ఓజోన్ ఒక్కదానితో లెక్క సరిపోదు.

ఎదురుప్రశ్న:
సరే, పై భాగం ఒప్పుకుంటాను అనుకుందాం. కానీ ఆ పై భాగం కొలిచిన పరికరాలను నమ్మవచ్చా? ఒకే డేటా నుంచి రెండు సంస్థలు రెండు రకాల గీతలు గీశాయని చదివాను.

లోలకం:
నిజమే, అది దాచాల్సిన విషయమేం కాదు. నన్ను అడిగితే ఈ రంగంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన కథ అదే. 1978 చివరి నుంచి 2006 వరకు అమెరికా వాతావరణ ఉపగ్రహాల మీద స్ట్రాటోస్ఫెరిక్ సౌండింగ్ యూనిట్ అనే పరికరాలు వరసగా ఎగిరాయి. దాదాపు 29, 38, 45 కిలోమీటర్ల చుట్టూ ఉన్న గాలిని చూసే మూడు ఛానెళ్లు వాటిలో ఉండేవి. పరికరం లోపల చిన్న గదిలో కార్బన్ డయాక్సైడ్ నింపి పెడతారు, ఆ గదిలోని ఒత్తిడిని బట్టి అది ఏ ఎత్తును చూస్తోందో నిర్ణయమవుతుంది. సమస్య ఏంటంటే ఆ గదులు లీకయ్యాయి. ఒత్తిడి మారితే చూసే ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే ఉష్ణోగ్రత మారుతుంది, అసలు గాలి ఏం మారకపోయినా సరే.

ఇంకో రెండు చిక్కులు. ఉపగ్రహం కక్ష్య నెమ్మదిగా జరిగి రోజులో కొలిచే వేళ మారిపోతుంది, ఆ ఎత్తులో పగటికీ రాత్రికీ కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల కూడా పరికరం చూసే ఎత్తు కొంచెం పైకి జరుగుతుంది. ఇవన్నీ సవరించడంలో అమెరికా వాతావరణ సంస్థ నోవా (NOAA), బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ వేర్వేరు దారులు పట్టాయి. 2012లో నేచర్ పత్రికలో డేవిడ్ థాంప్సన్ బృందం ఈ తేడా ఎంత పెద్దదో బయటపెట్టింది. తర్వాత రెండు సంస్థలూ సవరణలను మళ్లీ చేశాయి, గీతలు చాలా దగ్గరికి వచ్చాయి. రెండింటిలోనూ చల్లబడటం ఉంది, అసలు గొడవ ఎంత అన్నదాని మీదే, పైకా కిందికా అన్నదాని మీద కాదు.

రాత్రిమేఘం:
ఉపగ్రహాలనే పట్టుకుని కూర్చున్నారు, ఇతర కొలతలూ ఉన్నాయండీ. ఫ్రాన్స్‌లోని హోత్ ప్రోవాన్స్ అబ్జర్వేటరీ 70ల చివరి నుంచి లైడార్‌తో, అంటే లేజర్ కిరణం పైకి పంపి తిరిగొచ్చే వెలుతురుతో, 30 నుంచి 80 కిలోమీటర్ల దాకా ఉష్ణోగ్రత కొలుస్తోంది. అంతకుముందు రాకెట్లు ఉండేవి. సోవియట్ ఎం-100 రాకెట్లను హైస్ దీవి, వోల్గోగ్రాడ్, మన తుంబా, అంటార్కిటికాలోని మొలొద్యోజ్నయా నుంచి ఏళ్ల తరబడి పంపారు. వాటికీ సవరణలు కావాలి, సెన్సర్ వేగంగా దూసుకుపోతూ గాలి రాపిడికి తానే వేడెక్కుతుంది కాబట్టి. అయినా ఇన్ని రకాల పరికరాలు, ఇన్ని రకాల లోపాలు, అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయంటే తేలిగ్గా తీసుకోలేం.

నాకు మాత్రం 87 కిలోమీటర్ల కొలత అంటే చాలా ఇష్టం. అక్కడ హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన) అణువులు రాత్రంతా కంటికి కనపడని మసక వెలుగు వదులుతుంటాయి. ఆ వెలుగులోని గీతల నిష్పత్తిని బట్టి అక్కడి ఉష్ణోగ్రత లెక్క కట్టొచ్చు, రాకెట్టూ వద్దు ఉపగ్రహమూ వద్దు. అంటార్కిటికాలో ఆస్ట్రేలియా వాళ్ల డేవిస్ స్టేషన్‌లో 1995 నుంచి శీతాకాలం పొడుగునా ఇది కొలుస్తున్నారు. సూర్యుడి ప్రభావం తీసేస్తే దశాబ్దానికి ఒక డిగ్రీకి కాస్త ఎక్కువే చల్లబడుతోంది.

ఎదురుప్రశ్న:
"సూర్యుడి ప్రభావం తీసేస్తే" అన్నారు చూడండి, అక్కడే నా అనుమానమంతా. పై వాతావరణాన్ని నడిపేదే సూర్యుడు. 2002 నుంచి 2019 వరకు పై గాలి 1.7 డిగ్రీలు చల్లబడి 1,333 మీటర్లు కుంచించుకుపోయిందని పెద్ద వార్త వచ్చింది. లోపలికెళ్లి చదివితే అందులో కార్బన్ డయాక్సైడ్ వాటా 342 మీటర్లే. మిగతాది సూర్యుడు. ఇది హెడ్‌లైన్లో ఎందుకు ఉండదు?

ఆకాశవీధి:
ఉండాలి. అంకెలు మీరు సరిగ్గానే చెప్పారు. అది మార్టిన్ మ్లిన్‌చాక్ బృందం 2022లో వేసిన పేపర్. టైమ్డ్ ఉపగ్రహం మీదున్న సేబర్ పరికరం కొలతలు. మొదలుపెట్టిన 2002లో సూర్యుడు గరిష్ఠం దగ్గర ఉన్నాడు, 2019లో కనిష్ఠం దగ్గర. అంటే రెండు చివర్లూ సూర్యచక్రంలో, అంటే సూర్యుడి చురుకు పెరిగి తగ్గే చక్రంలో, ఎదురెదురు కొసలు. అలాంటప్పుడు మొత్తం 1,333 మీటర్లనూ కార్బన్ డయాక్సైడ్ ఖాతాలో రాయడం అన్యాయం, రాసిన శాస్త్రవేత్తలు కూడా అలా రాయలేదు, వాళ్లే విడదీసి చెప్పారు.

కానీ ఇక్కడ ఒకటి గమనించండి. సూర్యుడి వాటా 11 ఏళ్లకోసారి తిరిగొస్తుంది, గరిష్ఠం వస్తే ఆ పొర మళ్లీ ఉబ్బుతుంది. కార్బన్ డయాక్సైడ్ వాటా తిరిగి రాదు. ఆ 342 మీటర్లు ఒక దిక్కుకే పోతున్నాయి, ఒక చక్రం మీద ఇంకో చక్రం పేరుకుంటూ. దీర్ఘకాల మార్పు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి చూడాల్సింది దాన్నే.

సూర్యుడే అసలు కారణం అనే వాదనకు ఇంకో పెద్ద చిక్కు ఉంది. సూర్యుడి వెలుతురు పెరగడం వల్ల నేల వేడెక్కుతుంటే, ఆ పెరిగిన అతినీలలోహిత కిరణాలను ఓజోన్ పీల్చుకుని స్ట్రాటో ఆవరణం ఇంకా ముందు వేడెక్కాలి. సూర్యుడు తగ్గుతున్నాడంటారా, అప్పుడు కిందా పైనా రెండూ చల్లబడాలి. కింద వేడి, పైన చలి ఒకేసారి రావాలంటే సూర్యుడితో కుదరదు. అందుకే బెంజమిన్ శాంటర్ బృందం 2023లో మధ్య, పై స్ట్రాటో ఆవరణాన్ని కూడా కలిపి లెక్క వేస్తే మనుషుల ప్రభావపు ముద్ర దాదాపు ఐదు రెట్లు స్పష్టంగా కనిపించింది. నేల దగ్గర ఎల్ నినో లాంటివి ఉష్ణోగ్రతను ఏటా అటూ ఇటూ ఊపేస్తాయి. 40 కిలోమీటర్ల మీద ఆ ఊపు చాలా తక్కువ, మార్పేమో పెద్దది.

సందేహాలపుట్ట:
ఇప్పుడు కొంచెం వెలుగు కనిపిస్తోంది. ఇంకా పైన, థర్మో ఆవరణంలో (సుమారు 90 కిలోమీటర్ల పైనున్న పొరలో) వెయ్యి డిగ్రీలు ఉంటుందంటారు కదా, అక్కడ కూడా ఇదేనా? అసలు అంత వేడి దగ్గర కొంచెం చల్లబడితే ఎవరికి నష్టం?

కక్ష్యకబుర్లు:
ఇది నా ఏరియా, నేను చెప్తాను. నష్టం ఉంది, మామూలుగా కాదు.

థర్మో ఆవరణం సూర్యుడు మందగించినప్పుడు 700 కెల్విన్ (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే కెల్విన్) దగ్గర, చురుగ్గా ఉన్నప్పుడు వెయ్యి దాటి ఉంటుంది. కానీ గాలి ఎంత పల్చగా ఉంటుందంటే అక్కడ ఉష్ణోగ్రత కన్నా సాంద్రతే మనకు ముఖ్యం. గాలి చల్లబడితే కుంచించుకుంటుంది, అంటే 400 కిలోమీటర్ల దగ్గర ఉండాల్సిన గాలి కొంత కిందికి దిగిపోతుంది, ఆ ఎత్తులో గాలి ఇంకా పల్చనవుతుంది. 1989లో రేమండ్ రోబుల్, రాబర్ట్ డికిన్సన్ లెక్క వేసి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ రెట్టింపయితే మీసో ఆవరణం (స్ట్రాటో, థర్మో ఆవరణాల మధ్య పొర) 10 డిగ్రీలు, థర్మో ఆవరణం 50 డిగ్రీల దాకా చల్లబడుతుందని చెప్పారు. దాన్ని సరిచూసింది ఎలాగంటే పాత ఉపగ్రహాలు, రాకెట్ ముక్కల కక్ష్యలతో. దశాబ్దాల తరబడి అవి ఎంత వేగంగా కిందికి జారాయో రికార్డు ఉంది. జారే వేగాన్ని బట్టి గాలి సాంద్రత తేలుతుంది. 400 కిలోమీటర్ల దగ్గర సాంద్రత దశాబ్దానికి 2-3 శాతం చొప్పున తగ్గుతోందని జాన్ ఎమ్మెర్ట్ లాంటివాళ్ల విశ్లేషణల్లో వచ్చింది. ప్రత్యేకంగా కొలవడానికి ఎవరూ పంపని చెత్త ముక్కలే మనకు ఈ కొలత ఇచ్చాయి, అది నాకు అద్భుతంగా అనిపిస్తుంది.

గాలి పల్చబడితే పనిచేసే ఉపగ్రహాలకు లాభమే, ఇంధనం మిగులుతుంది. కానీ చచ్చిపోయిన ఉపగ్రహాలు, పేలిన రాకెట్ తునకలు కూడా కిందికి రావడం ఆలస్యమవుతుంది. తక్కువ ఎత్తు కక్ష్యలను శుభ్రం చేసే సహజమైన మార్గం ఈ గాలి రాపిడి ఒక్కటే. 2025లో ఎంఐటీ పరిశోధకులు లెక్క వేసి, ఉద్గారాలు బాగా పెరిగే పరిస్థితిలో 2100 నాటికి 200 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య భద్రంగా పట్టే ఉపగ్రహాల సంఖ్య 50 నుంచి 66 శాతం తగ్గుతుందని చెప్పారు. వేల ఉపగ్రహాలు పంపుతున్న ఈ రోజుల్లో ఇది నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం. గ్లోబల్ వార్మింగ్ చర్చల్లో దీని ఊసే ఎవరూ ఎత్తరు.

ఎదురుప్రశ్న:
ఒక్క మాట. 2022 ఫిబ్రవరిలో చిన్న భూ అయస్కాంత తుఫానుకే కొత్తగా పంపిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 40 పడిపోయాయి. అంటే గాలి చిక్కబడింది. మీరు పల్చబడుతోంది అంటున్నారు.

కక్ష్యకబుర్లు:
రెండూ నిజమే బ్రో. తుఫాను వస్తే కొన్ని గంటల నుంచి కొన్ని రోజులు థర్మో ఆవరణం వేడెక్కి ఉబ్బుతుంది. అవి అప్పుడు దాదాపు 210 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నాయి, అసలు కక్ష్యకు ఇంకా ఎక్కలేదు, అందుకే తట్టుకోలేకపోయాయి. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్ అనుకున్నదానికన్నా ముందే పడింది కూడా సూర్యుడు అంచనాకు మించి చురుగ్గా ఉండటం వల్లే. ఇవన్నీ రోజుల, ఏళ్ల మీద వచ్చే ఊపులు. నేను చెప్పేది ఆ ఊపుల సగటు దశాబ్దాల మీద కిందికి దిగుతోందని.

రాత్రిమేఘం:
భూమి మీద నమ్మకం కుదరకపోతే శుక్రుణ్ణి చూడండి. అక్కడి వాతావరణం దాదాపు మొత్తం కార్బన్ డయాక్సైడే. నేల దగ్గర 460 డిగ్రీలు మండుతుంది. సూర్యుడికి మనకన్నా దగ్గర. అయినా దాని థర్మో ఆవరణం పగటివైపు 300 కెల్విన్ ప్రాంతంలోనే ఉంటుంది, మన దాంట్లో మూడోవంతు. రాత్రివైపు 100-130 కెల్విన్‌కు పడిపోతుంది. కింద కొలిమి, పైన అంతకన్నా ఎంతో చల్లన, రెండింటికీ ఒకే వాయువు కారణం.

నా పేరులో ఉన్న మేఘాల గురించి కూడా చెప్పాలి. 83 కిలోమీటర్ల దగ్గర, ధ్రువాల వైపు వేసవిలో, ఉష్ణోగ్రత మైనస్ 140 డిగ్రీల దాకా పడిపోతుంది, అప్పుడు అక్కడ మంచు రేణువులతో నాక్టిలూసెంట్ మేఘాలు ఏర్పడతాయి, సూర్యుడు దిగిపోయాక కూడా నీలంగా మెరుస్తాయి. వాటిని మొదటిసారి విరివిగా గమనించింది 1885లో, క్రకటోవా పేలిన రెండేళ్లకు. ఇప్పుడు ఎక్కువగా కనిపించడానికి చల్లబడటం ఒక్కటే కారణం అనుకోకండి. పైకి చేరిన మీథేన్ విడిపోయి నీటి ఆవిరిగా మారుతుంది, ఆ తేమ పెరగడమే పెద్ద కారణమని మోడల్ లెక్కలు చెబుతున్నాయి.

లోలకం:
నీటి ఆవిరి అన్నారు కాబట్టి హంగా టోంగా. 2022 జనవరి 15న పేలిన ఆ సముద్రగర్భ అగ్నిపర్వతం దాదాపు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని స్ట్రాటో ఆవరణంలోకి ఎగజిమ్మింది, అక్కడ మామూలుగా ఉండే తేమలో దాదాపు పదోవంతు. పినటూబో తర్వాత స్ట్రాటో ఆవరణం వేడెక్కింది, దీని తర్వాత నీటి ఆవిరి వేడిని వదలడం వల్ల మధ్య భాగం చల్లబడింది. ఇకపై ఎవరైనా 2022 దగ్గర ముగిసే ట్రెండ్ చూపిస్తే ఈ పేలుడును ఎలా విడదీశారో అడగండి.

సందేహాలపుట్ట:
చివరగా ఇంకొకటి అండీ. పైన చల్లబడటం ఓజోన్‌కు మంచిదా చెడ్డదా? ఒకచోట మంచిదని, ఇంకోచోట చెడ్డదని చదివాను.

ఆకాశవీధి:
రెండు చోట్లా సరిగ్గానే రాశారు, ఎత్తు వేరు. 40 కిలోమీటర్ల దగ్గర చల్లబడితే ఓజోన్‌ను తినేసే రసాయన చర్యలు నెమ్మదిస్తాయి, ఓజోన్ త్వరగా కోలుకుంటుంది. ధ్రువాల మీద 20 కిలోమీటర్ల దగ్గర తిరగబడుతుంది. అక్కడ మైనస్ 78 కన్నా కిందికి పోతే మేఘాలు ఏర్పడి, వాటి ఉపరితలం మీద క్లోరిన్ చురుగ్గా మారి ఓజోన్‌ను తింటుంది. ఆర్కిటిక్‌లో 2011, 2020 వసంతాల్లో ఓజోన్ అంత దారుణంగా పడిపోవడానికి ఆ ఏళ్లలో చలి ఎక్కువ కాలం నిలబడటమే కారణం.

ఎదురుప్రశ్న:
సరే. పై స్ట్రాటో ఆవరణం వరకు నాకు అభ్యంతరం లేదు. మీసో ఆవరణం పైన మాత్రం రెండు మూడు సూర్యచక్రాల డేటాతో ఇంత ధీమాగా మాట్లాడటం తొందరే అనిపిస్తోంది. ఇంకో చక్రం కొలతలు రావాలి.

లోలకం:
ఇంకో చక్రం కావాలన్నదాంట్లో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కాకపోతే 80-90 కిలోమీటర్ల ప్రాంతానికి ఉపగ్రహాలకు ముందు నాటి సాక్ష్యం ఒకటి ఉంది. జర్మనీలోని క్యూలుంగ్స్‌బోర్న్‌లో 1959 నుంచి, ఫ్రాన్స్ నుంచి వచ్చే లాంగ్‌వేవ్ రేడియో సిగ్నల్ అయనో ఆవరణంలో (విద్యుదావేశం ఉన్న పై గాలి పొరలో) ఏ ఎత్తున తగిలి తిరిగొస్తోందో కొలుస్తున్నారు. ఆ ఎత్తు దశాబ్దాలుగా దిగుతూ వచ్చింది, కింద మీసో ఆవరణం చల్లబడి కుంచించుకుంటే జరగాల్సింది అదే. ఆరు దశాబ్దాలు, అంటే ఐదు సూర్యచక్రాలకు పైనే. ఇక కొత్త కొలతలంటారా, టైమ్డ్‌ను రెండేళ్ల పని కోసం 2001 డిసెంబర్‌లో పంపారు, అది ఇరవై ఏళ్లు దాటి పని చేసింది. 2004లో వెళ్లిన ఆరా ఉపగ్రహం కూడా అలాగే అనుకున్న వయసు ఎప్పుడో దాటింది. రెండు పరికరాలను కొంతకాలమైనా పక్కపక్కన నడిపి ఒకదానితో ఒకటి సరిచూడకపోతే రెండు రికార్డులను నమ్మకంగా కలపలేం, పాత సౌండింగ్ యూనిట్ల గొడవలో పడ్డ అవస్థే మళ్లీ పడాలి. కాబట్టి ఇవి ఆగిపోకముందే వీటి పక్కన కొత్తవి ఎగరాలి.